సొంత డోర్ నంబరు

ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట ఈ వారం కొత్తగా పెట్టిన హోర్డింగు చూసి ఒళ్లు మండింది. రిటైరైనవాళ్ల కోసం కడుతున్న విల్లాల ప్రకటన అది. నెరిసిన జుట్టు దంపతులు ఉయ్యాల బల్ల మీద కూర్చుని నవ్వుతున్నారు. ఇక మీకు ఏ పనీ ఉండదు, అన్నీ మేమే చూసుకుంటాం అని కింద హామీ. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు, రైళ్లు నడిపినవాళ్లు, ఊళ్ల లెక్కలు రాసినవాళ్లు, చివరికి ఏ పనీ లేకుండా పోవడం కోసమే ఇన్నాళ్లూ బతికారా?

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గోల కొత్తది కాదు. అరుగులు పోయి ప్రహరీ గోడలు వచ్చాక పెద్దవాళ్లకూ వీధికీ మాటలు తెగిపోయాయని రాస్తూనే ఉన్నాను. డిసెంబరు 17 గురించీ ఏటా ఎత్తుతాను, ఎత్తకుండా ఉండలేను. 1982లో ఆ రోజునే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1979 మార్చి 31 అని ఒక గీత గీసి, అంతకుముందు రిటైరైనవాళ్లకు పెంచిన పెన్షన్ లెక్క వర్తించదంటే, ఇద్దరు పెన్షనర్లు, హెచ్.డి. శౌరి స్థాపించిన కామన్ కాజ్ సంస్థ కోర్టుకెళ్లారు. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మన ఒ. చిన్నపరెడ్డి గారు కూడా అందులో ఉన్నారు. ఇవాళ లక్షల ఇళ్లలో నెలనెలా పడే డబ్బు వెనక రిటైరైనవాళ్లు రాసుకున్న ఒక అర్జీ ఉంది.

అర్జీ అంటే నాకు మా పెద్ద మావయ్యే గుర్తొస్తాడు. అమలాపురం తాలూకాఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరై పల్లెకు తిరిగొచ్చాక, పొద్దున్నే కాఫీ తాగి అరుగు మీద చాప పరిచేవాడు. రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ఠావు కాగితాలు, కార్బను తెచ్చుకోవాలి. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు నాలుగో వంతు ఖాళీ వదిలేవాడు. అధికారి తన ఆర్డరు రాసే చోటు అది, దాన్ని మనమే ఆక్రమిస్తే ఆయనెక్కడ రాస్తాడు అనేవాడు. కలం తీసే ముందు ప్రశ్నలు. ఎప్పట్నుంచి? ఎవరి చేను పక్కన? ఇంతకుముందు ఎవరికి చెప్పుకున్నావు? వచ్చినవాడు పది బాధలు ఏకరువు పెట్టినా ఓపిగ్గా వినేవాడు గానీ, కాగితం మీదికి ఒక్కటే ఎక్కేది. ఒక అర్జీకి ఒకటే కోరిక. రెండు రాస్తే సులువైనది చేసేసి ఫైలు మూసేస్తారని ఆయన నమ్మకం.

బోదె పూడిపోయి నీళ్లు రావడం లేదని వచ్చిన రైతు మంత్రిగారికే రాయమని పట్టుబట్టడం నాకు గుర్తుంది. మావయ్య రాయలేదు. లాకుల దగ్గరుండే సూపర్‌వైజరుకు రాశాడు. పని ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగాలి, పైవాళ్లకు రాస్తే ఆ కాగితం మెట్లు దిగి వచ్చేసరికి నాట్లు అయిపోతాయి అన్నాడు. "రసీదు లేకుండా గడప దిగకు" అని చెప్పి మరీ పంపాడు. ఇన్‌వర్డ్ నంబరు పడ్డ కార్బను కాపీని తనే దబ్బనంతో గుచ్చి దారానికి ఎక్కించేవాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఏ కాగితం ఎక్కడివ్వాలో తెలియక జనం ఆయన చుట్టూ మూగారు. ఆ ఏడాది ఆ అరుగే మా ఊళ్లో సగం సర్కారు.

అత్తయ్య పోయాక కొడుకు హైదరాబాద్ తీసుకొచ్చాడు. కొడుకూ కోడలూ బంగారంలా చూసుకున్నారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. ఆ అపార్ట్‌మెంటులో నీళ్ల ట్యాంకర్ల లెక్క తేలక గొడవలయ్యేవి. ఒకసారి లిఫ్టు పక్కన మీటింగు నోటీసు అంటించారు. మావయ్య రెండుసార్లు చదివి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో కలం పెట్టుకుని బయల్దేరాడు. "ఓనర్ల మీటింగు నాన్నగారూ, మీకెందుకు శ్రమ, నేను వెళ్తాగా" అన్నాడు కొడుకు. ప్రేమగానే అన్నాడు. ఆఫీసు పని తెమలక తనూ వెళ్లలేకపోయాడు. కరెంటు బిల్లు కొడుకు పేరున, గ్యాసు కోడలి పేరున. మావయ్య పేరుతో ఆ ఇంటికి ఒక్క ఉత్తరం రాలేదు. ఓటు చివరిదాకా పల్లె జాబితాలోనే ఉండిపోయింది. పోలింగు రోజున ఆయన టీవీ ముందు కూర్చుని మా ఊరి పేరు వస్తుందేమోనని చూసేవాడు.

ఇంతవరకూ చదివినవాళ్లు, అందుకే పెద్దవాళ్లను గేటు లోపల పెట్టకూడదని తేలుస్తాననుకుంటారు. కానీ శంకర్‌పల్లి దారిలో, నాకు అక్క వరసయ్యే ఒకావిడ ఉంటున్న రిటైర్మెంట్ కాలనీలో ఈ శనివారం చూసింది వేరు. టిఫిన్లయ్యాక లైబ్రరీ గదిలో ఆవిడ, ఎల్ఐసీలో రిటైరైన ఒకావిడ, టెలిఫోన్స్ ఇంజనీరు, తెలుగు మాస్టారు ఒక బల్ల చుట్టూ చేరారు. బల్ల మీద ఒక అర్జీ. వాళ్ల వంటగదిలోనూ నర్సింగ్ విభాగంలోనూ పనిచేసే ఆడవాళ్లు బస్సు దిగి, దీపాల్లేని రోడ్డున చాలా దూరం నడిచి రావాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు మహాలక్ష్మి కింద బస్సు ఉచితం. ఆ బస్సు వీళ్ల గేటు ముందు నుంచే పోతుంది, ఆగదు.

మొదటి చిత్తుప్రతి "వయోవృద్ధులమైన మేము" అని మొదలైంది. మాస్టారు ఆ ముక్క కొట్టేశారు.

"బస్సెక్కేది మనం కాదు కదమ్మా. ఎక్కేవాళ్ల మాట ముందు రావాలి."

"అయితే వాళ్ల సంతకాలే పైన పెడదాం మాస్టారూ, మనవి కింద" అంది ఎల్ఐసీ ఆవిడ.

ఇంజనీరుగారు డ్యూటీ వేళలు అడిగి తెలుసుకుని ఒక పట్టిక గీశారు. పొద్దుటి షిఫ్టు ఎప్పుడు, రాత్రి వదిలేదెప్పుడు, ఆ వేళకు ఏ బస్సులు వెళ్తాయి. మంత్రికి రాద్దామని ఎవరో అంటే మా అక్క ఒప్పుకోలేదు, స్టాపు మాట డిపో మేనేజరుకే రాయాలంది. మావయ్యను ఆవిడ ఎరగదు.

వీళ్లకు ఈ చొరవ ఎక్కడిదా అని గమనిస్తే, అందరూ ఇక్కడికి వచ్చిన ఏడాదిలోపే ఓటు మార్పించుకున్నారు. ఫారం 8 నింపడానికి చిరునామా రుజువు కావాలి. కరెంటు బిల్లు నిర్వాహకుల పేరున వస్తుంది కాబట్టి ముందు బ్యాంకు పాస్‌బుక్కులో చిరునామా మార్పించుకుని ఆ నకలు జతచేశారు. 85 దాటినవాళ్లు నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లో ఫారం 12-డి ఇస్తే ఇంటి నుంచే ఓటేయవచ్చు. ఆ ఫారాలు పంచే పని మాస్టారిది. తలుపు మీద తమ పేరు, జాబితాలో తమ నంబరు ఉన్నాయి గనక మీటింగుకు మీరెందుకని వీళ్లను ఆపేవాళ్లు లేరు. ప్రేమగా కూడా ఆపేవాళ్లు లేరు. మావయ్య కొడుకు ఇంట్లో అన్నీ ఉన్నాయి, ఇదొక్కటి తప్ప. ఆయన్ను కట్టిపడేసింది గేటూ ప్రహరీ గోడా కావు. గేటున్న ఈ కాలనీలో అరుగు మళ్లీ కనబడింది నాకు.

ఇది డబ్బు కట్టగలిగినవాళ్ల సంగతి అని ఎవరైనా అంటే కాదనను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం 19వ సెక్షన్‌లో, దిక్కులేనివాళ్ల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు అని ఉంది. అటువంటి ఆశ్రమాల్లో ఉండేవాళ్లకూ మంచంతో పాటు ఓటరు జాబితాలో చోటు దక్కాలి. ఫారం 8 వాళ్ల చేత ఎవరు నింపిస్తున్నారో అడగడం ఈ ఏడాదికి నా కొత్త గోల.

శనివారం అర్జీకి సోమవారమే ఇన్‌వర్డ్ నంబరు పడింది. బస్సు ఇంకా ఆగలేదు. నెల రోజులు చూసి, దాని మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగాలని తీర్మానించుకున్నారు. ఆ దరఖాస్తు ఎల్ఐసీ ఆవిడ ఇప్పటికే రాసి పెట్టుకుంది. తేదీ ఒక్కటే వేయాలి.