దేహసాధన – మనస్స్వస్థత: ఒక విమర్శ

మైపాడు ఒడ్డున అలివి వల లాగుట చూచినవారికి ఒక విషయము జ్ఞాపకముండును. వలను పడవపై లోనికి కొనిపోయి అర్ధచంద్రాకారముగా విడిచి, దాని రెండు కొసల త్రాళ్లను ఒడ్డుననున్న రెండు జట్లవారు పట్టి లాగుదురు. ఒకడు కేక యెత్తుకొనును. ఆ కేక తెగిన చోట తక్కిన వారందరు ఒక్కసారిగా వెనుకకు వాలుదురు. పని చాలసేపు సాగును. ఒంటరిగా అంతసేపు త్రాడు లాగుమన్నచో ఎవడును ఒప్పుకొనడు. జట్టులో లాగువానికి మాత్రము అలసట అంతగా తెలియదందురు.

ఇది వట్టి మాటయా, లేక దేహములో దీనికి ఆధారమేమైన కలదా? 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పడవపందెగాండ్రు 12 మందిని ఈ విషయమై పరీక్షించిరి. గదిలో అమర్చిన తెడ్డు యంత్రములపై వారు ఒకమారు ఒంటరిగాను, మఱియొకమారు జట్టుగా ఒకే లయలోను 45 నిమిషముల చొప్పున శ్రమించిరి. పిమ్మట రక్తపుపోటు కొలుచు పట్టీని చేతికి బిగించుచు, నొప్పి ఎప్పుడు తోచినదో చెప్పుమనిరి. జట్టుగా శ్రమించిన దినమున వారు నొప్పిని ఎక్కువగా ఓర్చుకొనిరి. మెదడులో ఊరు ఎండార్ఫినులే దీనికి కారణమని పరిశోధకులు ఊహించిరి. అయితే ఆ ఎండార్ఫినులను వారు నేరుగా కొలువలేదు. పాల్గొన్నవారు 12 మంది మాత్రమే, అందరును పురుషులే. ఊహ బాగుగనే ఉన్నది గాని, ఊహను ఊహ యనియే చెప్పుకొనవలెను.

ఇంత చిన్న పరీక్షతో ప్రారంభించుటకు కారణమున్నది. దేహమును కదలించి, ఊపిరిని మలచి, మనస్సును కుదుటపఱచవచ్చునను మాట ఇప్పుడు విరివిగా వినబడుచున్నది. ఆసనములు, ప్రాణాయామము, నృత్యము, కండరములను సడలించు పద్ధతులు – అన్నియు ఈ కోవలోనివే. వీనిని బోధించువారు రెండు మాటలు కలిపి చెప్పుదురు. ఈ సాధన వలన కలత తగ్గుననునది మొదటిది. ఈ సాధన చేసినవాడు తన దేహమును తాను ఉన్నదున్నట్లు ఎఱుగుననునది రెండవది. వినువాడు రెంటిని ఒకటిగా స్వీకరించును. నా అభిప్రాయములో ఇవి రెండు వేర్వేరు వాదములు. వీని సాక్ష్యములు సమానబలము గలవి కావు.

నెల్లూరు తీరమువారికి ఇది వట్టి చర్చ కాదు. 1927, 1984, 1989 సంవత్సరములలో పెద్ద తుఫానులు ఈ తీరమును తాకినవి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మైపాడు మొదలు అనేక పట్టపువారి పల్లెలలోనికి చొచ్చినది. అట్టి ఉపద్రవము గడచిన పిమ్మట కొందరికి సముద్రపు హోరు పెరిగినంతనే గుండెదడ, చెమట, నిద్రలో ఉలికిపాటు నెలల తరబడి నిలిచియుండును. ఇది పిఱికితనము కాదు. ఆపద తప్పినను దేహము ఆ సంగతిని ఇంకను నమ్మకుండుట. అట్టివారు ఊరివారికి మాటలలో తమ బాధ చెప్పుకొనలేరు. మానసిక వైద్యుడు దగ్గరలో ఉండడు. ఊపిరి సాధన ఖర్చు లేనిది, ఎవరైన నేర్పగలది. అది నిజముగా పనిచేయునేని గొప్ప మేలు. పనిచేయనిచో, దానిని నమ్ముకొని కాలము గడపినవారికి నష్టము.

అదే సునామీ మనకంటె ఎక్కువగా దెబ్బతీసిన రెండు చోట్ల ఈ పరీక్ష జరిగినది. అండమాను దీవులలో షిర్లీ టెలెస్, ఆమె సహచరులు 47 మందికి వారము దినములు యోగము నేర్పి, ఆ ఫలితములను 2007లో ప్రకటించిరి. భయము, ఆందోళన, దుఃఖము, నిద్రలేమి – ఇవి తగ్గినట్లు పాల్గొన్నవారే చెప్పిరి. ఊపిరి వేగము కూడ తగ్గినది. వినుటకు సంతోషమే. కాని యోగము నేర్వని మఱియొక జట్టును ప్రక్కన పెట్టి పోల్చలేదు. ఆపద జరిగిన నెలకు మొదలిడిన పరీక్ష అది. ఆ దినములలో ఏమియు చేయకున్నను చాలమందికి భయము కొంత తగ్గును. జ్వరము మూడవ దినమున తగ్గినచో, రెండవ దినమున కట్టిన తాయెత్తుకు ఆ పేరు వచ్చుట మనమెఱుగని సంగతి కాదు.

రెండవది తమిళనాడులోని నాగపట్నము ప్రాంతపు శిబిరములలో జరిగి 2010లో వెలువడినది. ఇది మొదటిదానికంటె మేలైన పరీక్ష. ఉపద్రవానంతర మనోవ్యథ ఎక్కువగా నున్న 183 మందిని మూడు జట్లు చేసిరి. ఒక జట్టునకు ఊపిరి సాధన నేర్పిరి. రెండవ జట్టునకు ఆ సాధనతో పాటు, జరిగినదానిని మరల మరల జ్ఞాపకము చేసికొని చెప్పించు చికిత్స కూడ చేసిరి. మూడవ జట్టును ఆరు వారములు వేచియుండుమనిరి. వేచియున్నవారికంటె సాధన చేసినవారి బాధ చాల తగ్గినది. ఆ పైన మాటల చికిత్సను చేర్చినందువలన అదనముగా చెప్పుకొనదగిన లాభము కనబడలేదు. ఇందు నాకు రెండు లోపములు తోచుచున్నవి. జట్లను మనిషి మనిషికి చీటి తీసి కాక, శిబిరముల వారీగా ఏర్పఱచిరి. ఒక శిబిరములో నీరు, తిండి, నాయకత్వము బాగున్నచో ఆ మేలు సాధన ఖాతాలో పడును. ఇక వేచియున్న జట్టునకు ఎవరును వచ్చి ప్రక్కన కూర్చుండలేదు, పలుకరింపలేదు. సాధన జట్టులో పనిచేసినది ఊపిరియా, నలుగురు కలిసి కూర్చుండుటయా? ఆ ప్రశ్నకు ఈ పరీక్ష జవాబు చెప్పజాలదు.

ఈ లోపమును కొంత తీర్చిన పరీక్ష సునామీకి సంబంధించినది కాదు. 2014లో అమెరికాలో వాండెర్ కోల్క్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి మనోవ్యథ తీరని 64 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టునకు పది వారములు యోగము, రెండవ జట్టునకు అంతే కాలము ఆరోగ్యమునుగూర్చిన పాఠములు చెప్పిరి. పలుకరింపు రెండు చోట్లను ఉన్నది. చివరకు యోగపు జట్టులో 31 మందిలో 16 మంది, పాఠముల జట్టులో 29 మందిలో 6 గురు ఆ వ్యాధి లక్షణముల హద్దునుండి బయటపడిరి. పదహారునకు ఆరు – ఇది త్రోసివేయదగిన తేడా కాదు. అయినను జట్లు చిన్నవి. 2018లో ఇట్టి పరీక్షలన్నిటిని కూడగట్టి చూచినవారు యోగమును సహాయచికిత్సగా సిఫారసు చేసిరి గాని, ఆ సిఫారసు బలహీనమైనదనియే వ్రాసికొనిరి.

కావున మొదటి వాదము కొంతవఱకు నిలుచును. అది నిలుచుటకు దేహవ్యాపారములో చక్కని కారణము కూడ కలదు. దానిని విద్యార్థి తన మణికట్టుపైననే తెలిసికొనవచ్చును. నాడిపై వ్రేళ్లుంచి నెమ్మదిగా అయిదు సెకండ్లు ఊపిరి పీల్చి, అయిదు సెకండ్లు విడువవలెను. పీల్చునపుడు నాడి వడిపడును, విడుచునపుడు మందగించును. 1847లోనే జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ లూడ్విగ్ దీనిని కుక్కలలో గమనించి వ్రాసినాడు. మెదడునుండి గుండెకు వచ్చు వేగస్ నాడి గుండెకు కళ్లెము వంటిది. ఊపిరి విడుచునపుడు ఆ కళ్లెము బిగియును. నిమిషమునకు ఆరు ఊపిరుల వేగమున ఈ హెచ్చుతగ్గు మిక్కిలి స్పష్టముగా నుండును. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందిచేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిను భాషలోను, బౌద్ధమంత్రమును దాని పద్ధతిలోను చెప్పించి చూడగా, రెంటిలోను ఊపిరి ఇంచుమించు నిమిషమునకు ఆరుకే దిగినది. మతమేదైనను దీర్ఘముగా పలుకువాని ఊపిరి ఒకే చోటికి చేరుట ముచ్చటైన సంగతి.

వడిగా ఊపిరి తీయు సాధనల సంగతి వేఱు. అవి రక్తములోని కార్బన్ డయాక్సైడును తగ్గించును. అప్పుడు మెదడుకు పోవు రక్తనాళములు ముడుచుకొని తల తిరుగును. వ్రేళ్లు తిమ్మిరెక్కును, పెదవులు చిమచిమలాడును. ఇదంతయు రసాయనము. దీనిని ఏదో శక్తి మేల్కొన్నట్లు వర్ణించుట నేను విన్నాను. మూర్ఛవ్యాధి గలవారికి ఇట్టి సాధన ప్రమాదకరము కావచ్చును.

ఇక రెండవ వాదము. సాధకుడు తన దేహమును లోపలినుండి ఎఱుగునా?

మన దేశములో ఈ పరీక్షకు పాత కథ ఒకటి కలదు. 1935లో ఫ్రాన్సు దేశపు వైద్యురాలు తెరెస్ బ్రాస్ భారతదేశమునకు వచ్చి, ఒక యోగి గుండెను తన ఇచ్చవచ్చినట్లు ఆపివేసినాడన్న అర్థము వచ్చునట్లు వ్రాసినది. వెంగర్, బాగ్చీ, ఢిల్లీకి చెందిన ఆనంద్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు అట్టి శక్తి గలదనిన యోగులను మరల పరీక్షించి 1961లో ఫలితములు ప్రకటించిరి. యోగులు ఊపిరి బిగబట్టి రొమ్మును, కడుపును బిగించినపుడు గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి మణికట్టున నాడి అందకపోయినది, గుండెచప్పుడు సన్నగిల్లినది. కాని విద్యుత్ హృల్లేఖనములో గుండె కొట్టుకొనుచునే ఉన్నది. యోగులు మోసము చేయలేదు. వారును నాడిని నమ్మిరి. పరికరమే వేఱుగా చెప్పినది. ఈ వినయము ఈనాటి ప్రచారములో కనబడుట లేదు.

లోయెఱుకను కొలుచుటకు 1981లో ష్యాండ్రీ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒక సులువైన పద్ధతి నేర్పఱచినాడు. నాడిని ముట్టుకొనక, కొంతసేపు తన గుండెకొట్టుకొనుటను లోలోపల లెక్కించవలెను. ఆ లెక్కను పరికరపు లెక్కతో పోల్చుదురు. 2018లో ఈ పద్ధతితో లండనులో నృత్యకళాకారులను పరీక్షింపగా, నృత్యమెఱుగనివారికంటె వారి లెక్క సత్యమునకు దగ్గరగా నున్నది. మన కూచిపూడి కళాకారులు ఇది చదివి సంతోషింపవచ్చును. కాని తొందరపడరాదు. తన గుండె నిమిషమునకు 60 సార్లు కొట్టుకొనునని ముందే తెలిసినవాడు ఏమియు అనుభవింపకయే దగ్గరి లెక్క చెప్పగలడు! నిజముగా తెలిసిన దెబ్బలనే లెక్కించుమని గట్టిగా చెప్పినపుడు ఇట్టి పరీక్షలలో జనుల లెక్క చాల పడిపోయినది.

ఈ లోపము లేని పద్ధతితో 2008లో అమెరికాలో ఖల్సా, ఆయన సహచరులు చాలకాలము ధ్యానము చేసినవారిని పరీక్షించిరి. వినిపించు శబ్దము తమ గుండెదెబ్బతో సరిగా కలిసినదో లేదో వారు చెప్పవలెను. టిబెట్టు బౌద్ధసాధకులు, కుండలినీసాధకులు సాధన లేనివారికంటె ఏమాత్రమును మెరుగుగా చెప్పలేదు. అయితే తాము బాగుగ చెప్పితిమనియు, పని సులువుగా నున్నదనియు వారు మాత్రము నమ్మిరి. ఈ వ్యాసమంతటిలో నాకు ముఖ్యముగా తోచినది ఈ ఒక్క ఫలితమే. సాధన వలన నెమ్మది వచ్చును. నెమ్మదితో పాటు తనకు తెలియునన్న ధీమాయు వచ్చును. ఆ ధీమా తెలివి కాదు. గుండెనొప్పి మొదలైనవాడు, మధుమేహము ముదిరినవాడు "నా దేహము నాకు తెలియును" అని ఆసుపత్రికి పోక ఇంట కూర్చుండుట ఆ ధీమా వలననే జరుగును. నెలల తరబడి దగ్గును ఊపిరి సాధనతో సరిపుచ్చుకొనుట మఱింత ప్రమాదము; అది క్షయ కావచ్చును, ఇంటిల్లిపాదికిని అంటవచ్చును.

లోయెఱుక పెరిగినచో మేలే కలుగునని కూడ లేదు. హఠాత్తుగా భయము ముంచెత్తు వ్యాధి గలవారు తమ గుండెదెబ్బను అతిగా గమనించి, ఆ గమనిక చేతనే మఱింత భయపడుదురు. అట్టివారిని కన్నులు మూసికొని లోపలికి చూడుమనుట కంటె, కన్నులు తెఱచి త్రాడు లాగుమనుటయే మేలు కావచ్చును.

ఉపాధ్యాయులు ష్యాండ్రీ పరీక్షను తరగతిలో చేయింపవచ్చును. ఒక విద్యార్థి కన్నులు మూసి లోపల లెక్కించును. రెండవవాడు స్టెతస్కోపుతో వినును. మూడవవాడు ఎవరిని ముట్టుకొనక, గడియారము చూచి, నిమిషమునకు 75 చొప్పున ఊహించి వ్రాసికొనును. 25, 35, 45 సెకండ్ల చొప్పున మూడుమార్లు చేసి, అంకెలు నల్లబల్లపై వ్రాయవలెను. మూడవవాని అంకె మొదటివాని అంకెకంటె నిజమునకు దగ్గరగా వచ్చిన సందర్భములు తప్పక కొన్ని ఉండును. అప్పుడు పిల్లలు నవ్వుదురు, ఆ నవ్వు ఆగకముందే "అయినచో మొదటివానికి నిజముగా తెలిసినదెంత?" అని అడుగవలెను.

మన తీరమున ఎవరైన ఈ పరీక్షను పెద్దయెత్తున చేయదలచినచో, మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి పల్లెలలో ఒప్పుకొన్నవారికి మనిషి మనిషికి చీటి తీసి, ఒక జట్టునకు ఊపిరి సాధనయు, ఇంకొక జట్టునకు అంతే కాలము కోలాటమును నేర్పవలెను. కోలాటములోను కలయిక ఉన్నది, లయ ఉన్నది, చెమట ఉన్నది. నెమ్మదిగా పీల్చి విడుచు ఊపిరి మాత్రము లేదు. ఆరు నెలల పిమ్మట ఏ జట్టు నిద్రపోగలుగుచున్నదో, ఏ జట్టు నిర్భయముగా సముద్రము మీదికి పోగలుగుచున్నదో, జట్టు సంగతి తెలియని వేఱొకరు వచ్చి అడుగవలెను.