ఉప్పు జవాబు

వేమన ఉప్పు, కర్పూరం పద్యం రాని పిల్లలు మన ఆశ్రమ పాఠశాలల్లో అరుదు. నిద్రలో లేపి అడిగినా అప్పచెబుతారు. కింద వచ్చే ప్రశ్న కూడా ఏళ్ల తరబడి ఒకటే: ఈ పద్యంలో కవి ఏం చెప్పాడు? జవాబూ ఒకటే. మంచివాళ్లు కర్పూరం లాంటివాళ్లు, మిగతావాళ్లు ఉప్పు లాంటివాళ్లు. గైడులో ఉన్నది మేమే బోర్డు మీద రాశాం, పిల్లలు అదే దించారు.

ఒకసారి ఏడో తరగతి కోయ పాప ఒకతె వేరేగా రాసింది. "ఉప్పే గొప్పది. కర్పూరం తినరు. మా ఆడవాళ్లు చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకున్నాయి. ఉప్పు లేకపోతే జావ దిగదు." మేము సున్నా పెట్టాం. 'తెచ్చుకున్నాయి' కింద ఎర్రగీత కూడా గీశాం.

ముందు ఆ గీత సంగతి. తెలుగులో ఆమె వచ్చింది, బండి వచ్చింది అంటాం, క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు వచ్చారు, బండ్లు వచ్చాయి అని విడిపోతుంది. కోయలో, గోండిలో బహువచనంలోనూ విడిపోదు. ఆ పాప తన ఇంటిభాష వ్యాకరణంతో తెలుగు రాసింది. దిద్ది నేర్పవలసిందే, కాదనం. అర్థగ్రహణం మార్కులు మాత్రం దానికి తెగకూడదు. కోయవాళ్లమై ఉండి మేమే గుర్తుపట్టలేదు. శిక్షణలో ఎవరూ చెప్పలేదనడం ఉత్త సాకు.

ఇక పద్యం. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, రుచులు వేరు, మనుషుల్లో పుణ్యపురుషులు వేరు అన్నాడు వేమన. ఉప్పెవరు, కర్పూరమెవరు? పద్యంలో ఎక్కడా లేదు. కర్పూరమే గొప్పదన్న మాట గైడుది. గుడిలో హారతి చూస్తూ పెరిగినవాళ్లకు అది చెప్పకుండానే తోస్తుంది. మనకు తోచేది ఉప్పే. ఇప్పపువ్వు, చింతపండు షావుకారు తూకానికి పోసి ఉప్పు తెచ్చుకున్న రోజులు మన ముసలివాళ్లు ఇంకా చెబుతారు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది ఆ దోపిడీ నుంచి తప్పించడానికే. (పాయసంలో పచ్చకర్పూరం వేస్తారని ఆ పాపకు తెలియదు. మాకూ ఊరు దాటాకే తెలిసింది.)

ఆమె జవాబులో లోటు లేకపోలేదు. మనుషుల ఊసే ఎత్తలేదు, అంటే సగం పద్యం వదిలేసింది. "మరి మనుషుల సంగతేమిటి?" అని అడిగి ఉంటే రాసేదేమో. మేము అడగలేదు.

2014లో పదో తరగతికి వచ్చిన కొత్త తెలుగు పుస్తకం సొంతమాటల్లో రాయమంది. ఆ సొంతమాటలు కూడా గైడే అమ్ముతోంది! పేరా చదివి జవాబులు రాసే ప్రశ్నల్లోనూ ఇదే తంతు. నమ్మకపోతే బోర్డు మీద "జోబిలి బరకలో టపిలి గుమికింది" అని రాసి, టపిలి ఎక్కడ గుమికింది అని అడగండి. క్లాసంతా చేతులెత్తుతుంది. జోబిలి అంటే ఏమిటని ఒక్కరూ అడగరు. ఆ జవాబుకు మనం మార్కులు వేస్తున్నాం, ఉప్పు జవాబుకు సున్నా వేస్తున్నాం.

ఈ ఏడు అదే పద్యం ఇచ్చి, ముందు కోయలోనే మాట్లాడుకోమన్నాం. ఏమన్నా సరే, పద్యంలో ఏ మాట చూసి అంటున్నారో చూపించాలన్నాం. ఇద్దరు కర్పూరం వైపు, మిగతావాళ్లు ఉప్పు వైపు. ఒకడు ఉప్పులో ఇసుక కలిపే కొట్టువాడి సంగతి ఎత్తాడు. అంతలో గంట కొట్టారు. రాత మర్నాటికి పెట్టుకున్నాం.