వంతులవారీ రౌడీలు

విజయశాంతి ‘కర్తవ్యం’ (1990) చూస్తుంటే నాకిప్పటికీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ గమనించారా? మన సినిమా రౌడీలు వంతులవారీగా వచ్చి, బుద్ధిగా దెబ్బలు తిని పోతారు! సినిమాకది చెల్లుతుంది. మా ఇబ్రహీంపట్నంలో ఆడపిల్లల ఆత్మరక్షణ ప్రదర్శన చూసినా అదే తంతు. చెయ్యి పట్టుకున్న పిల్లే మర్యాదగా వదిలేస్తుంది. నిజంగా పట్టుకున్నవాడు వదుల్తాడా?

1882లో జూడో స్థాపించిన కానో జిగోరో ‘రాందోరి’కి పెద్దపీట వేశాడు. అందులో ఎదుటివాడు లొంగడు, తిరగబడతాడు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్, తోడుగా ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే తలపడి నేర్చుకుంది. 2022లో ప్రపంచ చాంపియన్ అయింది.

ఉత్తుత్తి ధైర్యం భయంకన్నా ప్రమాదం. బెల్టు రంగు తర్వాత చూసుకోవచ్చు. ముందు, ‘‘అవతలి పిల్ల నిజంగా ఎదిరిస్తోందా మాస్టారూ?’’ అని అడగండి.