‘డ్రా’ ధాతుజ నామములు – అర్థభేద విచారము

ఆంగ్లమున ‘డ్రా’ యను ధాతువునకు లాగుట ముఖ్యార్థము. దానినుండి పుట్టిన డ్రాయింగు, డ్రాయరు, డ్రాఫ్టు అను నామములు మన వ్యవహారమునను స్థిరపడినవి. బడులలో నొక్కొక్క పదమున కొక్కొక్క పర్యాయమును మాత్రము వల్లింపఁజేయుట కలదు. ఆ పద్ధతి యర్థజ్ఞానమునకు విఘాతకము. కృదంతమర్యాదచే విచారించినచో నీ పదము లన్నియు నొక సూత్రమున నిముడును.

డ్రాయింగను పదము గీయుట యను క్రియను, గీచిన చిత్రమును గూడఁ దెలుపును. భావార్థక మగు కృదంతము క్రియాఫలమునకుఁ బేరగుట మనకుఁ గ్రొత్త గాదు. డ్రాయరను పదము విశేషించి విచార్యము. అందలి ప్రత్యయము సామాన్యముగా మన తృచ్, ణ్వుల్ ప్రత్యయములవలెఁ గర్త్రర్థకము. 1881 సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమున చెక్కును వ్రాసి యిచ్చువాఁడు డ్రాయరు. సొమ్ము చెల్లింపుమని యెవని కాజ్ఞాపింపఁబడునో వాఁడు డ్రాయీ. ఇచ్చటఁ గర్తృకర్మభేదము స్పష్టము. కాని బల్ల సొరుగును డ్రాయరే. అది దేనిని లాగదు. దానినే మనము లాగుదుము. కాళ్లకు లాగి తొడుగుకొను చల్లడమునకును నదియే పేరు. కర్తృప్రత్యయ మిట్లు కర్మార్థమున రూఢమైనది. తెలుఁగున లాగు ధాతువును, లాగను వస్త్రనామమును జూచి యిదియు నట్టిదే యని తొందరపడరాదు. రూపసామ్యమాత్రముచే వ్యుత్పత్తి సిద్ధింపదు.

డ్రాఫ్టను నామమునకు ఉచ్చారణ మొక్కటియే యయ్యు నింగ్లండున వర్ణక్రమము రెండు విధములు. చిత్తుప్రతికిని, బ్యాంకుపై సొమ్ము రాఁబట్టు పత్రమునకును నొక లేఖనము. ఒక గ్రుక్క పానీయము, గదిలోఁ జొచ్చు గాలి, ఒకమాఱు వల లాగఁగాఁ బడిన చేపలు, ఓడ నీట మునుఁగు లోతు – వీనికి వేఱొక లేఖనము. కలము లాగిన గీఁత, ఖాతానుండి లాగిన సొమ్ము, గొంతులోనికి లాగిన నీరు: అన్నిట ధాత్వర్థ మొక్కటియే.

మనకు నిట్టి యుదాహరణము సిద్ధముగ నున్నది. కృష్ ధాతువునకును లాగుటయే యర్థము. యోగముచే లాగువాఁ డెల్లఁ గర్షకుఁడు కావలసియుండఁగా, రూఢిచే నాఁగలి త్రోలువాఁడే కర్షకుఁ డయ్యెను. సేద్యమను నర్థము గల కృషిశబ్దము తెలుఁగునఁ బ్రయత్నమాత్రమునకుఁ బేరయ్యెను. కర్షకశబ్దమును బోధించు పండితునకు డ్రాయరుశబ్దమును బోధించుట కష్టము గాదు.

డ్రాయింగు రూమను చోట మాత్రము జాగరూకత వలయును. అది బొమ్మలు గీయు గది గాదు. విత్‌డ్రాయింగు రూమనునది పూర్వరూపము. ఇతరులనుండి తొలఁగి విశ్రమించు గది యని యర్థము. ఉపసర్గస్థానీయ మగు పూర్వావయవము లోపింపఁగా ధాత్వర్థమే మాఱినట్లు తోఁచును.

కావున నిట్టి పదము వచ్చినపుడు మూఁడు ప్రశ్నలు వేయవలయును: ప్రత్యయ మే కారకమునఁ బ్రవర్తించినది? అర్థము యోగమా, రూఢియా? లోపించిన యవయవ మేమైనఁ గలదా? వీనిని విడిచి డ్రాఫ్టనఁగాఁ జిత్తుప్రతి యని మాత్రము నేర్చిన బాలుఁడు, తండ్రి బ్యాంకు డ్రాఫ్టు పంపెనన్నచోఁ జిత్తుకాగితము పంపె ననుకొనును. ఆ దోషము బాలునిది గాదు, బోధనది.