హాని లేదు, గుణము కలదా?

2021 మే నెలలో నెల్లూరు తీరమున కృష్ణపట్నములో ఆనందయ్య కరోనా మందుకై వేలకొలది జనము చేరిరి. ప్రభుత్వము పంపిణీని నిలిపి, మందును పరీక్షకు పంపినది. మే 31న నోటి మందులలో కొన్నింటికి అనుమతి నిచ్చినది. కంటి చుక్కలకు ఈయలేదు. చుక్కలను ఆపుట సబబే. కాని తక్కినవాటికి చూపిన ఆధారము హాని కనబడలేదనుటయే. వ్యాధి తగ్గునని రుజువు కాలేదు. హాని లేదనుట వేరు, గుణమిచ్చుననుట వేరు. ఆయాసపడుచు వరుసలో నిలిచినవానికి రెండును ఒకటిగనే వినబడును.

ఈ భేదము నాటుమందులకే గాదు, ఎంతో ఆశ గొల్పుచున్న మూలకణ చికిత్సకును వర్తించును. కంటినే తీసికొందము. నల్లగ్రుడ్డు తెల్లగ్రుడ్డుతో కలియు అంచున మూలకణములు వలయముగా నుండి, అరిగిపోవు ముందుపొరను నిత్యము పూరించుచుండును. సున్నము పడి ఆ వలయము కాలినచో పొర మసకబారి చూపు పోవును. (తాంబూలపు సున్నమును పిల్లలకు అందనీయరాదని తరగతిలో చెప్పుట మంచిది.) హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 2012లో ఒక సులువైన పద్ధతిని ప్రకటించిరి. బాగున్న కంటి అంచునుండి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, చిన్న తునకలు చేసి, చెడిన కంటిపై పరచిన మాయపొరమీద అంటింతురు. కణములు అచ్చటనే పెరిగి అల్లుకొనును. ప్రయోగశాలలో వానిని పెంచు వ్యయము తప్పును. ఫలితములను ఏండ్ల తరబడి కొలిచి ప్రచురించిరి.

అదే మూలకణమను పేరుతో అమెరికాలోని ఫ్లారిడాలో ఒక వైద్యశాల మువ్వురు వృద్ధ స్త్రీలకు పొట్టక్రొవ్వునుండి తీసిన కణములను రెండు కండ్లలోను ఒకేమారు ఎక్కించినది. ఒక కంటికి చేసి వేచి చూడవలెనను సామాన్యపు జాగ్రత్తయైనను లేదు. సొమ్ము మాత్రము పుచ్చుకొనిరి. మువ్వురి చూపును ఘోరముగా దెబ్బతినినదని 2017లో ఒక వైద్యపత్రిక ప్రకటించినది.

మన దేశపు నియమావళి 2013లో తన పేరునుండి ‘చికిత్స’ అను మాటను తొలగించి ‘పరిశోధన’ను మాత్రమే నిలుపుకొనినది. రుజువు కానిదానిని చికిత్సగా అమ్మరాదని దాని భావము. ఆ ఒక్క మాట తీసివేత పెద్ద పనియే. కాని అది ఢిల్లీ కాగితములలో ఉండిన చాలదు. జిల్లా ఆరోగ్యశాఖవారు ఏ మందునుగూర్చి ప్రకటన చేసినను ఎందరికి ఇచ్చిరి, ఈయనివారితో పోల్చిరా, ఎందరికి తగ్గినది, ఎందరికి చెడినది అనునవి తెలుగులో వ్రాసి, ఆ పిమ్మటనే అనుమతి మాట ఎత్తవలెను.