పుష్‌రాడ్ వేలితో తిరగాలి

పాత బుల్లెట్‌కు రేడియేటర్ లేదు, కూలెంట్ లేదు, వేడిని చూపించే మీటరు లేదు. బారెల్ చుట్టూ పోతపోసిన ఇనుప రెక్కలు, వాటి మధ్య నుంచి దూరే గాలి, లోపల తిరిగే ఆయిల్. ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటు మొత్తం ఇంతే. గాలి ఆడాలంటే బండి కదలాలి. రామవరప్పాడు రింగు దగ్గర ముందు లారీ, పక్కన బస్సు, నెత్తిన మే నెల ఎండ పెట్టుకుని నిలబడినప్పుడు ఆ రెక్కలకు తగిలేది పక్క బండ్ల పొగే. గన్నవరం నుంచి రోజూ బెజవాడ వెళ్లొచ్చేవాళ్లకు ఆ సంగతి మోకాళ్ల దగ్గర తెలుస్తుంది.

మన వైపు ఈ బండిని ఏళ్ల తరబడి ఉంచుకున్న ఇళ్లలో మామూలు సర్వీసింగు సొంత చేత్తో చేసుకునే అలవాటు ఉంది. డబ్బు మిగుల్తుందని చేస్తారనో, ఆదివారం పొద్దుపోక చేస్తారనో చూసేవాళ్లు అనుకుంటారు. నా లెక్క వేరు. ఈ ఇంజన్‌కు చేసే సర్వీసింగులో సగం వేడిని అదుపులో పెట్టే పనే. వేడి పెరుగుతోందన్న సంగతి రోజూ నడిపే మనిషికి తెలిసినంత తొందరగా, మూడు నెలలకోసారి బండిని చూసే షెడ్డుకు తెలియదు.

పాత బుల్లెట్ అంటే ఇక్కడ కాస్ట్ ఐరన్ ఇంజన్ బండి. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో పుట్టిన డిజైను. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు అక్కడి కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తర్వాత తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలోనే భాగాలన్నీ తయారవడం మొదలైంది. కన్నతల్లి కంపెనీ 1970ల మొదట్లోనే మూతపడినా మద్రాసు బండి మాత్రం అదే 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీతో నడుస్తూనే వచ్చింది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 1994లో కంపెనీ ఐషర్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన కొత్త ఇంజన్‌లో టాపెట్లు హైడ్రాలిక్, వాటిని మనం సర్దేదేమీ లేదు. 2020లో బీఎస్-6 నిబంధనలతో కార్బురేటర్ కూడా పోయింది. కాబట్టి ఇక్కడ చెప్పే పనులన్నీ పాత ఇనుప ఇంజన్‌వే.

మొదటి పని చాలామంది పనిగానే లెక్కపెట్టనిది: రెక్కలు శుభ్రం చేయడం. డెల్టా మట్టి నల్లరేగడి. వానాకాలంలో పొలం డొంకలోకి ఒక్కసారి దింపితే ముందు చక్రం చిమ్మిన బురద క్రాంక్‌కేస్ ముఖానికీ, బారెల్ కింది రెక్కలకూ పట్టేస్తుంది. రెండు రోజుల ఎండకు గట్టిపడి రెక్కకూ రెక్కకూ మధ్య సందు పూడిపోతుంది. అప్పుడు గాలి పైపైనే పోతుంది, ఇనుము లోపల వేడి లోపలే ఉంటుంది. వెదురు పుల్ల, పాత టూత్‌బ్రష్, చల్లారిన ఇంజన్ ఉంటే చాలు. కాలిపోతున్న ఇనుము మీద వాటర్ సర్వీస్ పైపు పెట్టించడం మాత్రం వద్దు, పగుళ్లు రావచ్చు. రెక్కలకు మందంగా మెరుగు పెయింటు కొట్టించి, లెగ్‌గార్డుకు అడ్డంగా రెగ్జిన్ కవరు కట్టి, బండి వేడెక్కుతోందని వాపోయేవాళ్లను చూస్తే ఏమనాలో తోచదు.

ఆయిల్ విషయంలో ఈ బండికి ఒక చిత్రమైన గుణం ఉంది. ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేస్ పోతలోనే వెనక ఒక గది. ఒక పంపు అక్కడి నుంచి ఇంజన్‌కు ఇస్తుంది, ఇంకో పంపు కిందికి జారినదాన్ని తోడి మళ్లీ పైకి పంపుతుంది. బండి రాత్రంతా నిలబడితే ట్యాంకులో ఆయిల్ మెల్లగా కిందికి దిగిపోతుంది. పొద్దున్నే స్టిక్ తీసి చూసి, తగ్గిందనుకుని ఇంకో అరలీటరు పోశారనుకోండి. స్టార్టయ్యాక కింద ఉన్నదంతా ట్యాంకుకు తిరిగొచ్చి, ఎక్కువైనది బ్రీదర్ పైపు గుండా కక్కేస్తుంది. అందుకే కొంతదూరం నడిపి వచ్చి, కాసేపు ఆగి, బండిని నిటారుగా నిలబెట్టి చూడాలి. మార్చేటప్పుడు కూడా వేడి మీదే దించాలి, మడ్డి దాంతోపాటు దిగిపోతుంది. డ్రెయిన్ ప్లగ్గులు రెండు, ఒకటి ట్యాంకుది, ఒకటి సంప్‌ది. ఒక్కటే విప్పి పని అయిందనుకుంటే పాతది సగం లోపలే ఉండిపోతుంది. కొత్తది 20డబ్ల్యూ-50, రెండు లీటర్ల పైచిలుకు. మూడు వేల కిలోమీటర్లకోసారి మార్చడం చాలామంది పాటించే లెక్క. మన ఎండలకు దాన్ని దాటించకపోవడమే మేలు. దించిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి వెలుతురులో చూడండి. లోహపు మెరుపు కనిపిస్తే కొత్త ఆయిల్ పోయడం కాదు, ఇంజన్ విప్పించడమే దారి.

అసలు చేతి పని టాపెట్లది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలన్నది ఇందులో మొదటి షరతు. రోహిణి కార్తెలో పగలంతా ఎండలో ఉన్న ఇనుము రాత్రి పదింటికి కూడా వెచ్చగానే ఉంటుంది, అందుకే కోడి కూసే వేళే దీనికి తగిన వేళ. బండిని మెయిన్ స్టాండు వేసి, స్పార్క్ ప్లగ్ విప్పి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి వేలిని తోసే క్షణం తెలుస్తుంది. అది కంప్రెషన్. సైకిల్ పుల్ల ఒకటి రంధ్రంలో నిలబెట్టి పిస్టన్ పైకొచ్చి ఆగేచోటు పట్టుకోవాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి.

ఇక కుడివైపు బారెల్ అడుగున ఒకే నట్‌తో బిగించిన చిన్న మూత తీస్తే రెండు పుష్‌రాడ్లూ కనిపిస్తాయి. ఒక్కోదాన్ని వేలికొసలతో తిప్పి చూడండి. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదిపితే ఆట ఉండకూడదు. ఫీలర్ గేజ్ ఇక్కడ పనికిరాదు, కొలత వేలికే తెలియాలి. బిగువుగా ఉంటే కింది టాపెట్‌ను ఒక పానాతో పట్టి, లాక్ నట్‌ను ఇంకోదాంతో వదిలి, తలను వెంట్రుకవాసి తిప్పుతారు. మళ్లీ బిగించేటప్పుడు ఆ నట్ సర్దుబాటును కొంచెం లాగేస్తుంది. కాబట్టి బిగించాక మరోసారి తిప్పి చూడందే మూత పెట్టకూడదు. కొత్తవాళ్లకు మూడు నాలుగుసార్లు పడుతుంది, విసుగొస్తుంది, పర్వాలేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలేది సీటుకు ఆనుకున్నప్పుడే. టాపెట్ బిగుసుకుంటే వాల్వు సీటుకు సరిగా ఆనదు, వేడి పోదు, అంచు కాలిపోతుంది. వదులైన టాపెట్ టకటకమని వీధంతా చాటుతుంది. బిగుసుకున్నది ఏ చప్పుడూ చేయదు. అందుకే చప్పుడు పోయిందని సంబరపడే అబ్బాయిలను పాత మేస్త్రీలు అనుమానంగా చూస్తారు.

పాయింట్ల కథా అంతే. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే కనిపించే ఆ చిన్న జత మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్‌ను ఒరుసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఎడం తగ్గుతుంది, దాంతో స్పార్క్ ఆలస్యమవుతుంది. ఆలస్యంగా అంటుకున్న మంట సైలెన్సర్ దాకా మండుతూ పోతుంది, హెడ్డు కాలిపోతుంది. బండి లాగడం లేదని కార్బురేటర్ విప్పి కూర్చునేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. మడమకు చిటికెడు గ్రీజు రాస్తే అరుగుదల తగ్గుతుంది, ఎక్కువ రాస్తే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. పాయింట్లు ఎప్పుడు విడుతున్నాయో పట్టడానికి హెడ్‌లైట్ మీది యాంపియర్ మీటరే చాలు. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్‌ను చేత్తో తిప్పుతుంటే విడిన క్షణంలో ముల్లు సున్నాకు వస్తుంది. సిగరెట్ కాగితం పెట్టి, అది జారే చోటును గుర్తుపట్టేవాళ్లూ ఉన్నారు. పొగ మానేసినా ఆ కాగితం కోసమే ఒక ప్యాకెట్ దాచుకుంటారు.

ఇలాగే గాలి మీద ఆధారపడి, ఇంటి ముందు బాగుచేసుకోగలిగే ఇంకో బండి జర్మనీది. 1950లో తయారీ మొదలైన వోక్స్‌వ్యాగన్ వ్యాన్. వెనకవైపు గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్, కొన్నింటిలో లోపల మంచం, పొయ్యి. 1960లు, 70లలో యూరప్ నుంచి భూమార్గాన మన దేశం దాకా వచ్చిన హిప్పీలలో కొందరు ఇలాంటి వ్యాన్లలో వచ్చారు. దాని పాయింట్ల ఎడం కూడా 0.4 మిల్లీమీటర్లే, టాపెట్లు కూడా చల్లగా ఉన్నప్పుడే సర్దాలి. ఆయిల్ రెండున్నర లీటర్లు, వడకట్టేది ఒక తీగ జల్లెడ. పాత మోడళ్లలో మూడో సిలిండర్‌కు వచ్చే గాలికి ఆయిల్ కూలర్ అడ్డం, అందుకే వాల్వు కాలిందంటే అనుమానం ముందు దానిమీదికే పోతుంది. 1969లో జాన్ మ్యూర్ అనే అమెరికన్ ఇంజనీరు ‘హౌ టు కీప్ యువర్ వోక్స్‌వ్యాగన్ అలైవ్’ అని, పానా పట్టడం రానివాళ్ల కోసం ఒక పుస్తకం రాశాడు. దాన్ని పక్కన పెట్టుకుని ఎందరో ఇంటి ముందే తమ వ్యాన్లు బాగుచేసుకున్నారు. మన బుల్లెట్ విద్యకు అలాంటి పుస్తకం అక్కర్లేకపోయింది. అది బాబాయి నుంచి అబ్బాయికి, మేస్త్రీ నుంచి కుర్రాడికి నోటిమాటగానే దిగింది. కాకపోతే నోటిమాటలో తప్పులు కూడా అలాగే దిగుతాయి. గేర్ బాక్సులోకీ ఇంజన్ ఆయిలే పోసేవాళ్లు నేటికీ ఉన్నారు. అది వేరే గది, దానికి 90 నంబరు ఆయిలో పలుచటి గ్రీజో కావాలి.

మిగతావి చిన్న పనులు. ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా ఉంటే పెట్రోలు చాలక వేడెక్కుతున్నట్టు. కుప్ప నూర్పిళ్ల రోజుల్లో ఎయిర్ ఫిల్టర్‌లో ఊక, దుమ్ము నిండుతాయి, దులపాలి. క్లచ్ కేబుల్ పైకొనకు పాలిథిన్ కవరును గరాటులా కట్టి, ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదీస్తే తెల్లారేసరికి కింది కొస దాకా దిగుతుంది. పాత బుల్లెట్ నట్లలో ఇంచీ కొలతలవి చాలా ఉంటాయి. వాటి మీద మిల్లీమీటరు పానాలు వాడి మూలలు కొట్టేయొద్దు, ఇంచీ సెట్టు ఒకటి కొనండి.

అన్నీ ఇంట్లోనే అన్న పంతం కూడా మంచిది కాదు. క్రాంక్ బిగ్ ఎండ్, బోరింగు, వాల్వు సీటు కోయడం ఆటోనగర్ పనులు. అక్కడ లేతు ముందు కూర్చున్న మనిషి చేతికి ఉన్న అనుభవం మన వరండాలో దొరకదు. దించిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి అక్కడ పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయొచ్చు కూడా. ఏలూరు కాలువ పక్కనే ఉందని గట్టున ఒంపేవాళ్లున్నారు. డెల్టాలో ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది కాలువ నీళ్లతోనే.

సర్వీసింగు అయ్యాక హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లిరండి, మధ్యలో ఆపకుండా. వచ్చాక సైలెన్సర్, హెడ్ స్టే బోల్టులు మరోసారి బిగించి, రాత్రికి బండి కింద ఒక అట్టముక్క పరవండి. పాత బుల్లెట్ ఎక్కడో ఒకచోట చుక్క వేస్తుంది, వేయని బండి చూపిస్తే ఆయిల్ ఉందో లేదో ముందు చూడమంటాను. చుక్క ఎడమవైపు పడితే ప్రైమరీ చెయిన్ కేసుది. దాని మూతను పట్టుకునేది మధ్యలో ఒకే నట్, ఇంకా బిగిస్తే మూత వంగుతుంది, రబ్బరు సీలు మార్చాలి. నడుమ పడితే డ్రెయిన్ ప్లగ్ వాషర్. వెనక జిడ్డుగా, చిక్కగా పడితే గేర్ బాక్సు, దానికి తొందరేం లేదు, వచ్చే నెల చూసుకోవచ్చు.