ఎదురుగాలితో కరెంటు తీసే విద్య

రామగిరి కొండల మీది గాలిమరలు గాలి ఎప్పుడు వీస్తుందా అని కాచుకోవాలి. విమానానికి ఆ తిప్పలు లేవు. ఎగిరినంతసేపూ ఎదురుగాలి ఉండనే ఉంటుంది. ఇంజన్‌కు జనరేటర్ బిగించే చోటు లేని చిన్న విమానాలకు ఆ గాలితోనే కరెంటు తీసే పాత విద్యను మించిన మార్గం ఈనాటికీ లేదని నా వాదన. 1927లో అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్‌కు దిక్కు చూపిన ఇండక్షన్ దిక్సూచిని నడిపింది విమానం వీపు మీద తిరిగిన బుల్లి గాలిమరే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చేసిన మెస్సర్‌ష్మిట్ 163 రాకెట్ విమానంలో జనరేటర్‌ను తిప్పడానికి ఇంజన్ ఇరుసే లేదు. ముక్కు మీద చిన్న ప్రొపెల్లర్ పెట్టి ఆ చిక్కు విప్పారు. ఎంత తేటైన ఆలోచన!

పైపర్ కబ్ జే-3నే తీసుకోండి. 65 హార్స్‌పవర్ ఇంజన్, స్టార్టర్ లేదు, జనరేటర్ లేదు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాల్సిందే. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గాలిమర గుండా పోయే గాలిలో సుమారు 700 వాట్ల శక్తి ఉంటుంది. అందులో 59 శాతానికి మించి ఏ మరా పట్టలేదని బెట్జ్ సూత్రం. మూడో వంతు పట్టినా, జనరేటర్ నష్టాలు పోను వంద వాట్లకు పైగా చేతికొస్తాయి. చిన్న రేడియోకు, ఎల్‌ఈడీ దీపాలకు అది ధారాళం. అసలు పనితనం బయటపడేది వేగం మారినప్పుడే. వేగం సగమైతే గాలిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. అందుకే మంచి పనివాడు వోల్టేజీని కట్టడి చేసే రెగ్యులేటర్, బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి పారకుండా ఆపే రిలే, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పక పెడతాడు. మర రెక్కల తూకం సరిచూస్తాడు. విమానం పైగుడ్డకు కాక లోపలి చట్రానికే మరను బిగిస్తాడు.

గాలిమర విమానాన్ని వెనక్కి లాగదా అని అడుగుతారు. లాగుతుంది, కరెంటు ఊరికే రాదు. కానీ 200 వాట్లు పట్టడానికి ఇంజన్ అదనంగా పెట్టే శక్తి అర కిలోవాటు లోపే. 65 హార్స్‌పవర్‌లో అది ఒక్క శాతం. దిగేటప్పుడు కరెంటు తగ్గుతుంది కదా అంటే, ఆ లోటు పూడ్చడానికే పక్కన బ్యాటరీ. లిథియం బ్యాటరీ ఒక్కటే చాలదా అంటే, పొద్దున ఎగిరి గంటలో దిగేవాడికి చాలు. దూరం పోయేవాడికి అది అయిపోయే నిల్వ, గాలిమర ఎగిరినంతసేపూ ఊరే ఊట.

ఈ విద్య విలువకు పెద్ద సాక్ష్యం పెద్ద విమానాలే. 1983 జులై 23న కెనడాలో, 41 వేల అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయిన బోయింగ్ 767ను కెప్టెన్ బాబ్ పియర్సన్ గిమ్లీలో దించాడు. అదుపు తప్పకుండా హైడ్రాలిక్ ఒత్తిడి ఇచ్చింది పొట్ట కింద తెరుచుకున్న గాలి టర్బైన్. వేగం తగ్గేకొద్దీ దాని బలమూ తగ్గింది, అయినా 69 మందీ బతికారు. అంత చిన్న మర, అన్ని ప్రాణాలు!

అలాంటి విద్యను ఆటబొమ్మల మోటారుకు ప్లాస్టిక్ రెక్క తగిలించే స్థాయికి దించడం చూస్తే కడుపు మండుతుంది. రెగ్యులేటర్ ఉండదు, రిలే ఉండదు, అతివేగానికి అడ్డు ఉండదు. డైవ్‌లో ఆ రెక్క విరిగితే ముక్కలు తగిలేది విమానానికే. చవక పని ఆకాశంలో పనికిరాదు. పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలో, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివే పిల్లలారా, ప్రాజెక్టు పేరుతో కొన్న నమూనాలు చూపించకండి. ఒక మరను మీ చేతులతో చెక్కి, గాలి సొరంగంలో తిప్పి, ప్రతి వేగానికీ వోల్టేజీ రాసిపెట్టండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేనిదే దాన్ని ఏ విమానానికీ బిగించకండి. ఈ విద్య మీ చేతుల్లో నిలవాలి.